చెయ్యి అడ్డం పెట్టని మనిషి

డాక్టర్ జనార్దనం గారిని గొప్ప శాస్త్రవేత్త అంటారు. అనేవాళ్ళకేం, నోరుంది. ఆయన దగ్గర ఇన్నేళ్ళు పనిచేసినదాన్ని, నేను చెప్తున్నాను వినండి. ఆ మనిషి తన కుర్చీ తను జరుపుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఏసీ తగ్గించడానికి ఒకరు, కళ్ళజోడు తుడవడానికి ఒకరు, ఫోనెత్తి "సారు మీటింగులో ఉన్నారండి" అనడానికి మరొకరు. అలాంటి మహానుభావుడికి, పని ఎక్కువై జనం కుప్పకూలిపోతున్నారని జాలేసింది. ఆ జాలితోనే కాకినాడ పోర్టుకెళ్ళే రోడ్డు పక్కన మా ప్రయోగశాల వెలిసింది.

మేం కనిపెట్టిందేమిటో రమాదేవి సంగతి చెప్తే తెలుస్తుంది. ఆవిడ ఏదో ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. ప్రయోగానికి ఒప్పుకుని వచ్చింది. ఆవిడ ముందు పళ్ళెం నిండా పూసలు పోశాం. ఎర్రవి ఒక గిన్నెలో, పచ్చవి ఒక గిన్నెలో ఏరి వెయ్యాలి. మధ్యలో ఫోను మోగుతుంది, ఎత్తి జవాబు చెప్పాలి. స్పీకర్లో పసిపిల్ల ఏడుపు, దాని మీద కుక్కరు కూతలు. మామూలు మనుషులెవరైనా కాసేపటికి "బాబోయ్, ఇక నా వల్ల కాదండీ" అని లేచిపోతారు. అలా లేచే ముందు మెదడులో ఒక చిన్న చోట మినుకుమంటుంది. ఆ చోటు పట్టుకున్నది నేను. పేపర్లో బొమ్మ పడ్డది జనార్దనం గారిది. అది వేరే సంగతి. చెవి వెనక రూపాయి బిళ్ళంత పట్టీ అంటిస్తే, అందులోంచి సన్నటి కరెంటు వెళ్ళి ఆ మినుకుని ఆర్పేస్తుంది. ఆ పట్టీకి 'తేలిక' అని ముద్దుపేరు పెట్టారు.

రమాదేవికి తేలిక అంటించాం. ఫోను మోగుతోంది, పిల్ల ఏడుస్తోంది, ఆవిడ చిరునవ్వుతో ఏరుతోంది. పరీక్ష అయిపోయింది. ఆపమని చెప్పే బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. అందరం భోజనాలకి వెళ్ళిపోయాం. తిని, చేతులు కడుక్కుని, వక్కపొడి నములుతూ వచ్చేసరికి ఆవిడ ఇంకా ఏరుతూనే ఉంది. అన్నీ ఏరేశాక మళ్ళీ పళ్ళెంలో కలిపేసుకుని మొదటినుంచీ మొదలుపెట్టిందట. వేళ్ళ కొసలు కందిపోయి రక్తం చెమర్చింది. నేను పళ్ళెం లాగేసి మంచినీళ్ళ సీసా ఇచ్చాను. గటగటా మొత్తం తాగేసింది. పక్కనున్న సీసా కూడా ఎత్తింది. ఊపిరి తిరగక దగ్గు వస్తున్నా దించదే! చేతిలోంచి లాక్కోవలసి వచ్చింది.

"అద్భుతం!" అన్నాడు జనార్దనం గారు. "చూశావా హైమావతీ, ఒత్తిడి అన్నది మచ్చుకైనా లేదు."

"ఒత్తిడి ఎక్కడికీ పోలేదండీ. అది పుట్టిందని చెప్పే గొంతు పోయింది. ఆ నీళ్ళు తాగడం చూశారా? పని దగ్గర చాలు అనేదీ, నీళ్ళ దగ్గర, అన్నం దగ్గర చాలు అనేదీ ఒక్క చోటే. దాన్ని ఆర్పేస్తే అన్నీ ఆరిపోతాయి."

"నువ్వు పెళ్ళికెళ్ళినా అపశకునమే వెతుకుతావమ్మా" అని ఆయన రమాదేవి పక్కన ఫొటోకి నిలబడ్డాడు. తర్వాత ఆ ఫొటోలో ఆవిడ వేళ్ళు కనబడకుండా కత్తిరించి ప్రకటనలో వేశారు.

ఇక మా చెల్లెలి సంగతి. నీరజ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తుంది. తెల్లారి పిల్లల్ని చదివించాలి, పగలు పాఠాలు చెప్పాలి, సాయంత్రం మళ్ళీ పిల్లల్ని చదివించాలి, ఇంటికొచ్చి పేపర్లు దిద్దాలి. ఇంట్లో మొగుడు శేఖర్, అత్తగారు మాణిక్యాంబ గారు, మామగారు, అయిదో తరగతి చదివే కూతురు లిఖిత. నలుగురూ నాలుగు వేళల్లో నాలుగు రకాలు తింటారు.

ఒకరోజు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్తే పొయ్యి మీద అట్టు మాడుతోంది, ఫోను మోగుతోంది. నీరజ ఫ్రిజ్జుకీ గ్యాసు బండకీ మధ్య నేల మీద కూర్చుని ఉంది. చేతిలో అట్లకాడ. ఏడవడం లేదు, ఊరికే గోడకేసి చూస్తోంది.

"నా వల్ల కావట్లేదక్కా" అంది.

నేను పొయ్యి కట్టేశాను. హాల్లోంచి శేఖర్ ఫోన్లోంచి తలెత్తకుండానే సలహా పారేశాడు. "టైమ్ మేనేజ్‌మెంట్ రావాలండి వదినగారూ. ఎన్నిసార్లు చెప్పినా వినదండి." కొడుకు పక్కనే కూర్చున్న మాణిక్యాంబ గారు అందుకుంది. "మా రోజుల్లో ఇంటెడు జనానికీ వండి వార్చేవాళ్ళం. మేమీ ఒత్తిళ్ళూ గిత్తిళ్ళూ ఎరగం తల్లీ. టీవీలొచ్చాకే వచ్చిందిది." నీరజ కాలేజీవాళ్ళు వీళ్ళని మించినవాళ్ళు. ఒత్తిడి తగ్గించుకోవడానికి యోగా తరగతి పెట్టారు. ఎప్పుడనుకున్నారు? ఆదివారం పొద్దున్న. రాకపోతే ఒక సెలవు కోత.

నాకు ఒళ్ళు మండిపోయింది. శేఖర్‌తో మొదలుపెట్టి, ఆయన గారి టైమ్ మేనేజ్‌మెంట్‌నీ, కాలేజీ యాజమాన్యాన్నీ, వాళ్ళ యోగా గురువునీ వరసపెట్టి దులుపుతూ పోయాను. నీరజ కూర్చున్న చోటినుంచే అరచెయ్యి ఎత్తింది. బంతిలో వడ్డించేవాళ్ళని ఆపినట్టు, నా మొహానికి అడ్డంగా.

"చాలక్కా. ఇక ఆపు, తల పగిలిపోతోంది" అంది. అని, తనే నవ్వింది.

నన్ను ఆపగలిగింది భూమ్మీద అదొక్కతే. మా అమ్మ వల్లే కాలేదు.

"మీ తేలిక ఏదో నాకూ పెట్టించక్కా" అంది లేచి చీర దులుపుకుంటూ.

"చస్తే పెట్టించను. నీ మొగుడి చేతికి అట్లకాడ ఇయ్యి, సగం జబ్బు అదే పోతుంది."

"ఆయన చేతికిస్తే వంటిల్లు తగలబెడతారక్కా."

"తగలబెట్టనీ. ఇంకోటి కట్టుకోవచ్చు" అని చెప్పి వచ్చేశాను. అంతటితో తేలిక మాట మర్చిపోయిందనుకున్నాను.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఫోన్లో దానితో జనార్దనం గారిని తిట్టుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టానో గుర్తులేదు. ఆయన నత్తి ఇంగ్లీషు దగ్గరికొచ్చాను, ఆయన విదేశీ ప్రయాణాల దగ్గరికొచ్చాను, చివరికి ఆయన జోళ్ళ దగ్గరికి కూడా వచ్చేశాను. అవతల నీరజ "ఊఁ, ఊఁ" అంటూనే ఉంది. నా జన్మలో అంతసేపు నా మాట ఎవరూ వినలేదు. ముందు మహా సంతోషమేసింది. ఫోను పెట్టాక మాత్రం తట్టింది. మా నీరజ నన్ను ఆపలేదేమిటి?

మర్నాడే వెళ్ళాను. ఇల్లు అద్దంలా ఉంది. శేఖర్ ఎదురొచ్చి కాఫీ కూడా ఇచ్చాడు, నీరజ కలిపిన కాఫీ లెండి. "మీ సారు దేవుడండి వదినగారూ! ఇప్పుడు మా ఇంట్లో గొడవన్నదే లేదండి. సెలవు పెట్టిన లెక్చరర్ల క్లాసులు కూడా ఈవిడే చెప్పేస్తోంది. నాన్నగారి షష్టిపూర్తి పనంతా ఒంటిచేత్తో లాగేస్తోంది. ఆయ్!"

నీరజ జుట్టు పక్కకి తీసి చూశాను. చెవి వెనక తేలిక అంటుకుని ఉంది.

"ఎవరే పెట్టింది?"

"జనార్దనం గారేనక్కా. నేనే వెళ్ళి అడిగాను. స్వయంగా అంటించారు. నీకు చెప్పొద్దన్నారు, కంగారు పడతావని."

చూశారా, ఆ మనిషి తన చేత్తో చేసిన పని ఇన్నేళ్ళలో అదొక్కటి.

"తియ్యి దాన్ని."

"ఎందుకక్కా? బాగానే ఉన్నాను కదా" అంది. నిజంగా బాగానే ఉన్నట్టుంది. మొహంలో విసుగు లేదు, కళ్ళ కింద మాత్రం నల్లగా గుంటలు పడ్డాయి. మాట్లాడుతూనే లిఖిత చేత లెక్కలు చేయిస్తోంది. పిల్లకి నిద్ర ముంచుకొచ్చి తల పుస్తకం మీద వాలిపోతోంది. నీరజ మెల్లగా గడ్డం పట్టుకుని తల పైకెత్తి, "ఇదొక్కటి చెయ్యమ్మా" అంటోంది. అది అయ్యాక మళ్ళీ ఇదొక్కటి. మళ్ళీ తల వాలుతోంది, మళ్ళీ ఎత్తుతోంది. కోపం లేదు, అరుపు లేదు. తనకి చాలు అనిపించనిదానికి ఎదటివాళ్ళకి చాలైందని ఎలా తెలుస్తుంది?

"అమ్మని ఆపమను దొడ్డమ్మా" అంది పిల్ల ఏడుపుగొంతుతో.

నేను పట్టీ పీకబోయాను. శేఖర్ అడ్డం వచ్చాడు. "మీరు పెద్దవారు, కాదన్ను. కానీ మా సంసారంలో చెయ్యి పెట్టకండి. ఇన్నాళ్ళకి కాస్త సుఖంగా ఉన్నామండి." సుఖంగా ఉన్నది ఎవరో అడిగాను. నీరజ నా చెయ్యి పట్టుకుని, "షష్టిపూర్తి అయ్యాక తీసేస్తాలే అక్కా. ఈ ఒక్క పనీ గట్టెక్కనీ" అంది. జనార్దనం గారిని నిలదీస్తే, "ఆవిడ ఇష్టపడి సంతకం పెట్టింది. ఇష్టాన్ని గౌరవించడం నేర్చుకో హైమావతీ" అన్నాడు. అదీ ఆయన నాకు నేర్పిన విజ్ఞానం.

మా గోదావరి జిల్లాల భోజనాల సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇక్కడ మొదటిసారి "చాలండి" అంటే ఎవరూ లెక్కచెయ్యరు. మొహమాటం అనుకుంటారు. రెండోసారి అంటే నెయ్యి ఇంకొంచెం వేస్తారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే తప్ప ఆగరు. అప్పుడు కూడా వేళ్ళ సందుల్లోంచి ఒక బూరె జారవిడిచే ఘనులున్నారు. పెట్టేవాడు ఆగడు, తినేవాడే ఆపాలి. ఇక్కడ మర్యాద అంటే అది.

షష్టిపూర్తి రోజున జనార్దనం గారు నన్ను ప్రయోగశాలలోనే కట్టిపడేశాడు. తేలికలు టోకున కొనడానికి ఎవరో పెద్దమనుషులొచ్చారు, వాళ్ళకి యంత్రాలు చూపించాలట. నేను కల్యాణమండపం చేరేసరికి ఆఖరి బంతి నడుస్తోంది. తెల్లవారుఝామునుంచీ నిలబడ్డ కాళ్ళ మీద చాకిరీ చేసిన నీరజని ఆ బంతిలో కూర్చోబెట్టారు. చుట్టూ పేరంటాళ్ళు మూగి చోద్యం చూస్తున్నారు. మాణిక్యాంబ గారు స్వయంగా వడ్డిస్తోంది.

"చూశారా వదినా మా కోడలు! ఇన్నేళ్ళకి మొహమాటం వదిలింది. ఎయ్యండి, ఇంకో రెండు బూరెలెయ్యండి! తినవే తల్లీ!"

"ఎంత ముచ్చటగా తింటోందో! మా కోడలూ ఉంది, పిట్టలా కొరుకుతుంది" అంది ఒక పేరంటాలు.

పులిహోర వేస్తే పులిహోర తింటోంది. పనసపొట్టు కూర వేస్తే అది తింటోంది. బూరెలో నెయ్యి పోస్తే అదీ తింటోంది. వడ్డించేవాళ్ళు ఆమె చెయ్యి అడ్డం పెట్టేదాకా ఆగరు. ఆమె పెట్టదు. ప్రేమతో పెడుతున్నామని వాళ్ళనుకుంటున్నారు, ప్రేమతో తింటోందని మురిసిపోతున్నారు. మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమటలు కారుతున్నాయి, ఎడంచెయ్యి పొట్ట మీద నొక్కిపట్టి ఉంది. కుడిచెయ్యి మాత్రం ముద్ద కలుపుతూనే ఉంది. పెదవుల మీద ఆ పాడు చిరునవ్వు.

పరుగున వెళ్ళి విస్తరి మీద నా రెండు చేతులూ పెట్టేశాను. వెయ్యబోయిన బూరె, దాని వెనకే వేడి నెయ్యి నా చేతి మీద పడ్డాయి.

"అయ్యో, అదేం పనమ్మా హైమా! తినేవాళ్ళకి అడ్డం పడతారా ఎవరైనా? దిష్టి తగులుతుంది!" అంది మాణిక్యాంబ గారు.

"మీకు కళ్ళున్నాయా, లేక అవి కూడా విస్తట్లో వడ్డించేశారా?" అని అరిచాను. "చచ్చిపోతోందండీ అది!"

నీరజ నా వేళ్ళ కింద నుంచి ఇంకో ముద్ద లాక్కుని నోట్లో పెట్టుకుంది. నావైపు చూసి ఏదో అనబోయింది. కళ్ళు తేలేసి నా ఒళ్ళోకి ఒరిగిపోయింది. చెవి వెనక పట్టీ పీకి అవతలకి విసిరేశాను. అప్పటిదాకా మెచ్చుకున్న పేరంటాళ్ళందరూ "ముందే అనుకున్నాం" అనడం మొదలుపెట్టారు.

ఆసుపత్రిలో గొట్టం వేసి కడుపు ఖాళీ చేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే పొట్ట చిట్లిపోయేదన్నారు. ప్రాణం నిలిచింది. కానీ నేను ప్రయోగశాలనుంచి మెదడు చూసే యంత్రం తెచ్చి దాని తలకి తగిలించి చూస్తే, మినుకుమనవలసిన చోట మినుకు లేదు. పట్టీ తీసేసినా ఆ చోటు పలకడం లేదు. మళ్ళీ పలుకుతుందో లేదో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేను. పలక్కపోతే మా చెల్లెలు ఇక బతికినన్నాళ్ళూ ఎవరేది మోపితే అది మోస్తూ, ఎవరేది పెడితే అది తింటూ ఉంటుంది.

జనార్దనం గారు ద్రాక్షపళ్ళు పట్టుకుని పరామర్శకొచ్చాడు. పళ్ళు డ్రైవరు మోశాడనుకోండి. మంచం పక్కన నిలబడి, "ఎంత ఓర్పు! ఎంత ఓర్పు!" అన్నాడు.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి" అన్నాను. "తేలిక మీరెప్పుడూ పెట్టుకోలేదేం?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకెందుకు హైమావతీ? నాకంత పనెక్కడుంది? చెయ్యడానికి మీరంతా ఉన్నారు కదా."

పాపం, ఆ ఒక్కసారి నిజమే చెప్పాడు. ద్రాక్షపళ్ళు తిరిగి డ్రైవరు చేతికిచ్చి, ఆయనకి గుమ్మం చూపించాను. నా ఉద్యోగం కూడా ఆ గుమ్మంలోంచే పోయింది. పీడా పోయింది.

నీరజనీ లిఖితనీ నా ఇంటికి తీసుకొచ్చేశాను. అక్కణ్ణించి దాని 'చాలు' నేనే అయ్యాను. బట్టలు మడతపెట్టమంటే, మడతపెట్టినవి విప్పి మళ్ళీ మడతపెడుతుంది, ఆపమనేదాకా. పిల్లకి జడ వెయ్యబోతే దువ్వుతూనే ఉంటుంది, పిల్ల ఏడ్చేదాకా. స్నానాల గదిలోకి వెళ్తే బయట నిలబడి "ఇక రా" అని పిలవాలి. అన్నం పెట్టేటప్పుడు ప్రతిసారీ గరిటె ఎత్తి పట్టుకుని చూసేదాన్ని, చెయ్యి అడ్డం పెడుతుందేమోనని. పెట్టేది కాదు. కంచంవైపు, నావైపు చూసి నవ్వేది. నేనే గరిటె వెనక్కి తీసుకునేదాన్ని. వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

మధ్యలో శేఖర్ ఒకసారి వచ్చాడు. "ఎప్పుడు పంపిస్తారండి? ఇంట్లో చాలా ఇబ్బందిగా ఉందండి. కుక్కరు మూతకి రబ్బరు ఉంటుందని నాకెలా తెలుస్తుందండి?" అన్నాడు. అన్ని ఏళ్ళ సంసారంలో ఆయన గారు చేసిన శాస్త్రీయ పరిశోధన అది. పెళ్ళానికి ఎలా ఉందని మాత్రం అడగలేదు. గేటు దాకా సాగనంపి వచ్చాను.

ఊరంతా తేలిక పాకిపోయింది. బస్సుల్లో, బ్యాంకుల్లో, ఎక్కడ చూసినా చెవి వెనక బిళ్ళ, పెదవుల మీద ఆ నవ్వు. మా సందు మొగలోనే పెద్ద బోర్డు పెట్టారు. దాని మీద వేళ్ళు లేని రమాదేవి.

ఆవేళ మధ్యాహ్నం నీరజకి అన్నం వడ్డిస్తున్నాను. పప్పూ కూరా అయ్యాయి, మజ్జిగ పొయ్యబోతూ ఉండగా దాని కాలేజీలో పనిచేసే ఆవిడ ఎవరో ఫోను చేసింది. ఇక ఆదివారం యోగా లేదట. బదులుగా మేష్టర్లందరికీ తేలికలు పంచుతున్నారట, పెట్టుకోకపోతే సెలవు కోతేనట. ఫోను పెట్టేశాను. ఇక నా నోరు నా చేతిలో లేదు.

"చచ్చినోళ్ళు! పని తగ్గించమంటే ప్రాణం మీదికొస్తుంది గానీ, మనుషుల నోళ్ళు కుట్టెయ్యడానికి మాత్రం డబ్బులు బస్తాలకొద్దీ ఉంటాయి! ఆ జనార్దనం ఉన్నాడు చూడు, వాడి తలకాయలో ఆర్పడానికి మినుకేముంది? ఉంటే కదా! నీ మొగుడు ఇంకో రత్నం. కుక్కరు మూత తియ్యడం రానివాడు టైమ్ మేనేజ్‌మెంట్ చెప్తాడు! మీ అత్తగారు పెట్టి పెట్టి చంపబోయి, ఇప్పుడు ఊరంతా తిరిగి మా కోడలికి ఏదో గాలి సోకిందని చెప్తోందట! గాలి కాదు, దుమారం సోకాలి వీళ్ళందరికీ! ఇంకా ఆ యోగా గురువు..."

నీరజ అన్నం కలపడం ఆపేసింది. నుదురు ముడిపడింది. ఎడంచెయ్యి మెల్లగా పైకి లేచింది. కంచం మీదికి అనుకున్నాను. కాదు. నా మొహానికి అడ్డంగా, అరచెయ్యి నావైపు తిప్పి పట్టుకుంది.

"అక్కా" అంది, విసుగ్గా. ఎన్నాళ్ళయిందో దాని గొంతులో విసుగు విని! "చాలు. ఇక ఆపు. తల పగిలిపోతోంది నాకు."

యోగా గురువు గురించి చెప్పవలసింది నా దగ్గర ఇంకా చాలా ఉంది. ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. మజ్జిగ గిన్నె పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, అలాగే నోరు మూసుకుని నిలబడ్డాను.